ఉత్తరం గోడ చెమ్మ

వేసవి నడిమధ్యలో, మదనపల్లెలో వీధివీధికీ నీళ్ళ ట్యాంకర్లు తిరుగుతూ, టమోటా మార్కెట్ యార్డు దగ్గర నేల కాళ్ళు కాల్చేస్తున్న రోజుల్లో కూడా మా ఇంటి కింది గదిలో ఉత్తరం గోడ తడిగా ఉండేది. అరచెయ్యి ఆనిస్తే అంటుకునేంత తడి. మిగిలిన మూడు గోడలూ మర్యాదగా పొడిగా ఉండేవి. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయినదాన్ని. కారణం లేకుండా ఏదీ జరగదని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ గోడ మాత్రం నన్ను వెక్కిరిస్తూ నిలబడింది. రోజూ పొద్దున్నే సుద్దముక్క తీసుకుని కిందికి దిగి, తడి ఎంతవరకు ఎక్కిందో దాని అంచు వెంబడి గీత గీసి, పక్కన వారం పేరు రాసేదాన్ని. మంగళవారం గీతకీ శుక్రవారం గీతకీ మధ్య జానెడు తేడా ఉండేది కాదు. మా ఆయన వంటింట్లోంచి దిగే ఇరుకు మెట్ల మీద నిలబడి తొంగిచూసి, "రిటైరైనాంక గూడా నీకు ల్యాబు కావాల్సొచ్చిందే" అని నవ్వేవాడు.

మా ఇల్లు ఏటవాలు మీద కట్టింది. ముందు వీధిలోంచి ఏడు ఎత్తైన రాతిమెట్లు ఎక్కితే ఇల్లు. వెనక సందు ఒక నిలువు కిందికి ఉంటుంది కాబట్టి వంటింటి అడుగున ఒక పెద్ద గది. మూడు వైపులా మట్టిలోకి దిగబడి ఉంటుంది, నాలుగో వైపు సందులోకి తలుపు. సందులోంచి ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా లోపలికి నడిచి రావచ్చు. ఉల్లిపాయలు, విరిగిన కుర్చీలు పడేసుకునే ఆ గదిని మనిషి ఉండేలా బాగుచేయించాలని నాకు పట్టుదల పుట్టింది ఆ ఒక్క సౌకర్యం వల్లే. కుప్పంలో మా అక్క నాగరత్నమ్మ అద్దె మేడగదిలో ఒంటరిగా ఉండేది. బావ పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఆమెకు ఆయాసం. డాక్టరు రెండు మాటలు చెప్పాడు: మెట్లు ఎక్కకూడదు, చెమ్మ ఉన్నచోట ఉండకూడదు. మాతోబాటు పైన ఉండమంటే మాకూ ఏడు మెట్లున్నాయి. పైగా అక్క ఒప్పుకోదు. "ఒకరింట్లో ఒక మూలన నేనుండలేను పాపా. నా వాకిలి నాకుండాల" అంటుంది. అరవై దాటినా నేను ఆమెకు పాపనే. కింది గదికి సొంత వాకిలి ఉంది, మెట్లు లేవు. అడ్డం వచ్చింది ఆ తడి ఒక్కటే. అది పోతే అక్కను తెచ్చుకోవచ్చు. పోకపోతే ఆ మేడమెట్ల మీదే ఏదో ఒకరోజు ఆమె ఊపిరి ఆగిపోతుందేమోనని నా భయం. ఇంకొక భయం కూడా ఉంది, దాన్ని మా ఆయనకు కూడా చెప్పలేదు. గది బాగుపడినా అక్క అందులో అడుగుపెడుతుందో లేదో నాకు తెలియదు. ఎందుకంటే ఆమె చిన్నతనం అంతా అక్కడే గడిచింది.

మా చిన్నప్పుడు అది పురుగుల గది. పట్టుపురుగులు పెంచే పని మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఉండేది కానీ, దానికోసం ఇంటి అడుగున గది కట్టించింది మాత్రం మా నాయన తండ్రి, మా జేజినాయనే. కురబలకోట దారిలో మాకు కొంచెం మల్బరీ తోట ఉండేది. నాయన పొద్దు పొడవకముందే వెళ్ళి ఆకు కోసి, తడి గోనెలో చుట్టి సైకిలు మీద తెచ్చేవాడు. గదిలో వెదురు దడులు అరలుగా కట్టి, వాటి మీద వరసగా తట్టలు, తట్టల్లో సన్నగా తరిగిన ఆకు, ఆకు అడుగున పురుగులు. తలుపు తీయగానే వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పచ్చి ఆకు, నానిన గోనె, చల్లిన సున్నప్పొడి, పురుగుల పెంట అన్నీ కలిసి కొంచెం తీయగా, కొంచెం ముక్కిపోయినట్టు ఉండేది. బాగా పెరిగిన పురుగులు మేసేటప్పుడు వచ్చే చప్పుడు, గంజి పెట్టిన కొత్తచీర కట్టుకుని ఎవరో గదిలో మెల్లగా తిరుగుతున్నట్టుండేది. పురుగు నాలుగుసార్లు పొర విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా పడుకుంటుంది. దాన్ని మావాళ్ళు జ్వరం అనేవాళ్ళు. "రెండో జ్వరం పడింది" అని అక్క కిందినుంచి కేక వేస్తే ఆరోజు ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. మాకు నిజంగా జ్వరం వచ్చినప్పుడు కూడా అంత మర్యాద జరిగేది కాదు.

పురుగుకు వాసనలు పడవు. మిరపకాయల తాలింపు, బీడీ పొగ, కిరసనాయిలు, తలనూనె, మొహానికి రాసుకునే పౌడరు, వీటిలో ఏది తగిలినా మేత మానేస్తుందని మావాళ్ళ నమ్మకం. అందులో కొంత నిజం, కొంత అతి అని తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. నాయన తోటనుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, చొక్కా మార్చుకుని, బీడీ తాగిన రోజైతే గడప బయటే నిలబడి అక్కను అడిగేవాడు.

"లోపలికి రావచ్చునా అమ్మా?"

"ఇప్పుడొద్దు నాయనా. ఇంగ కొంచేపుండి రా."

అక్కకు అప్పుడు పన్నెండు పదమూడేళ్ళుంటాయి. ఇంటి పెద్దను గడప బయట నిలబెట్టే అధికారం మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. నాకది చాలా గొప్పగా కనిపించేది. నేను బడికి పోయేదాన్ని, తలకు నూనె పెట్టుకుని మొహానికి పౌడరు రాసుకునేదాన్ని, కాబట్టి నాకు లోపలికి ప్రవేశం లేదు. సాయంత్రం బడినుంచి వచ్చి సందువైపు గడప దగ్గర కూర్చుని, లోపల మసకలో అక్క తట్టలు మార్చడం చూసేదాన్ని. ఎండ తగలకూడదని సందువైపున్న చిన్న కిటికీకి కూడా తడి గోనె వేలాడదీసేవాళ్ళు. బయట నిప్పులాంటి ఎండలో ఆడి వచ్చిన నాకు ఆ గదినుంచి వచ్చే చల్లగాలి మొహానికి తగిలితే ప్రాణం లేచొచ్చేది. అక్క ఎంత అదృష్టవంతురాలో అనుకునేదాన్ని. నిజంగా అలాగే అనుకున్నాను, ఇప్పుడు దాన్ని మార్చి రాసుకోను.

అక్క బడి మానడం కూడా ఒక గొడవలా జరగలేదు. ఒకసారి అమ్మ జబ్బుపడితే ఆ విడత పురుగుల పంటంతా అక్కే చూసుకుంది. పట్టుగూళ్ళు గట్టిగా, తెల్లగా, గులకరాళ్ళలా వచ్చాయి. "నా బిడ్డ చేయి సల్లన. దాని చేతిలో పురుగు బతుకుతుంది" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నాయన చెప్పాడు, మేనత్త చెప్పింది, గూళ్ళు కొనడానికి వచ్చినాయన కూడా అక్క తలమీద చెయ్యిపెట్టి మెచ్చుకున్నాడు. తర్వాతి పంటకు అక్క బడికి పోలేదు. ఏడో తరగతి సగంలో ఉండింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పొగిడి మానిపించారు. ఆమె పుస్తకాలు అట్టలు వేసి నాకోసం దాచిపెట్టారు.

మిగిలిన ఇల్లంతా ఆ గది చుట్టూ తిరిగేది. అమ్మ పొద్దున లేవగానే చేసే పనులకు ఒక వరస ఉండేది, అది పెళ్ళిరోజైనా, చావురోజైనా మారేది కాదు. వాకిలి చిమ్మడం, ముగ్గు, పొయ్యి అలకడం, తర్వాత వంటింటి పక్కన అంట్లు తోమే బండచప్టా కడగడం. చప్టా ఉత్తరపు మూలలో గుండ్రాయితో మూసిన బెత్తెడు కంత ఒకటుంది. అంట్ల నీళ్ళు అందులోకి పోనిచ్చేది కాదు. చప్టా శుభ్రంగా కడిగాక గుండ్రాయి పక్కకు తీసి, రెండు బిందెల మంచినీళ్ళు అందులో పోసి, "సల్లంగుండు తల్లీ" అని మళ్ళీ మూసేది. భూదేవికో గంగమ్మకో పోస్తోందని నేను అనుకున్నాను. అడిగితే "పొయ్యాల, అంతే" అనేది. అక్క పెళ్ళయి కుప్పం వెళ్ళిపోయాక పురుగుల పని కుంటుపడి, నాయన పోయాక పూర్తిగా ఆగిపోయింది. పురుగులు గూళ్ళు అల్లుకునే వెదురు చంద్రికలు పొయ్యిలోకి పోయాయి. నా ఉద్యోగం ఈ ఊళ్ళోనే కాబట్టి ఇల్లు నాకు వచ్చింది, అమ్మ చివరిదాకా మా దగ్గరే ఉంది. చేతులు వణికే వయసులో కూడా ఆ కంతలో నీళ్ళు పోయడం మానలేదు. ఆమె పోయాక నేను పోస్తున్నాను. నాకు దేవుడి గదిలో దీపం పెట్టడం గుర్తుండదు కానీ అది మాత్రం ఏరోజూ మరచిపోలేదు. మోటారు పెట్టించుకున్నాక బిందెలు ఎవరు మోస్తారని, కాఫీ కాగేదాకా కంతలో పైపు పెట్టి వదిలేసేదాన్ని.

గది బాగుచేయడానికి మొదట మా ఊరి కాంట్రాక్టరు వచ్చాడు. చేతిలో ఫోను, ఫోనులో బెంగుళూరు ఇళ్ళ బొమ్మలు. ఇట్లాంటి గదులు ఇప్పుడు ఎంత ఫ్యాషనో చూపించాడు. గోడకు మందు కలిపిన సిమెంటు పూస్తే చుక్క నీరు రాదన్నాడు. పాత సున్నం పూత గీకించి, సిమెంటు పూయించి, దానిమీద మందు రెండు పూతలు వేయించి, నేలకు తళతళలాడే టైల్సు పరిపించి వెళ్ళాడు. ఒక నెల గది పెళ్ళివారి విడిదిలా మెరిసింది. రెండో నెలలో ఉత్తరం గోడ రంగు బుడగలు బుడగలుగా లేచింది. బుడగ పగలగొడితే వెనక తెల్లటి ఉప్పు. మూడో నెలలో తడి నా భుజం ఎత్తుకు ఎక్కింది. కాంట్రాక్టరు వచ్చి, ఇంకొక రకం మందు ఉందన్నాడు. నేను అతనికి నమస్కారం పెట్టి పంపించాను.

అప్పుడే మా పాత విద్యార్థిని ఒకామె పుంగనూరులో ఖాదర్ సాబు గురించి చెప్పింది. పాత మిద్దెలకు, మసీదు గోడలకు సున్నం పని చేసే మేస్త్రీ. డెబ్బై ఏళ్ళుంటాయి, నల్లటి రంగు వేసిన గడ్డం, చొక్కా జేబులో మడిచిన కళ్ళద్దాలు. బస్సు దిగి నడిచివచ్చి, టీ వద్దని, సరాసరి గోడ దగ్గరికి పోయి వేలి కణుపుతో అక్కడక్కడా కొట్టి విన్నాడు. తర్వాత ఉప్పుపొరను గోటితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. నాకు ముచ్చటేసింది. ముప్పైయేళ్ళు ల్యాబులో ఏదీ రుచి చూడొద్దని పిల్లల్ని అదిలించినదాన్ని.

"దీని నోరు కట్టేసినారు టీచరమ్మా" అన్నాడు. "గోడకి ఊపిరాడాల. సిమెంటు పూసేసరికి లోపలి నీళ్ళు యాడికి పోతాయి? పైకి ఎక్కతాయి."

"లోపలి నీళ్ళు అని మీకెట్లా తెలుసు సాబూ? గాలిలో తేమ గోడకు పడుతుండొచ్చు కదా?"

ఆయన నన్ను కొత్తగా చూశాడు. సంచిలోంచి మూరెడు పల్చటి ప్లాస్టిక్ కాగితం తీసి, నాలుగు అంచులూ టేపు వేసి గోడకు అంటించాడు. "రెండు దినాలు ముట్టుకోవద్దండి. కాగితం మీద ఈ పక్కన నీళ్ళు పడితే గాలివి. ఆ పక్కన పడితే గోడవి" అన్నాడు. ఎంత చక్కని ప్రయోగం! పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది. ఆ రెండు రోజులూ నేను గంటకొకసారి కిందికి దిగి చూశాను. మూడోరోజు కాగితం లోపలివైపు, గోడవైపు, ఆవాలంత చుక్కలు బారులు తీరి ఉన్నాయి.

సిమెంటంతా కొట్టించేశాడు. ఆ కొట్టడంలో ఉత్తరం వైపు ఒక రాయి ఊడి, వెనకనుంచి తడి ఇసుక జారింది. మట్టి ఉండాల్సిన చోట ఏరి పోసినట్టున్న మంచి ఇసుక. గోడకూ మట్టికీ మధ్య మూరెడు వెడల్పున ఇసుక నింపి ఉంది. ఖాదర్ సాబు పిడికెడు తీసుకుని పిండాడు. వేళ్ళ మధ్య నీళ్ళు కారాయి. "ఇంత ఎండల్లో ఇన్ని నీళ్ళు యాడినించి వస్తాండాయి? వచ్చే దారి మీరు కనిపెట్టండి టీచరమ్మా. అంతదాకా నేను సున్నం కలపను. నా పని పేరు చెడుతుంది" అని పనిముట్లు మూటగట్టుకుని పుంగనూరు బస్సెక్కాడు.

నేను కనిపెట్టడానికి కూర్చున్నాను. మున్సిపాలిటీ గొట్టం పగిలిందేమోనని వీధిలో రెండు రోజులు కొళాయి కట్టేయించాను, తడి కదల్లేదు. సెప్టిక్ ట్యాంకు ఇంటికి దక్షిణాన ఉంది. పక్కింటి వాళ్ళ సంపులో నీళ్ళకు రంగు కలుపుతానంటే వాళ్ళు నన్ను అదోలా చూశారు. పాపం, కలపనిచ్చారు. రంగు మా గోడకు రాలేదు. భూమిలో ఊటేమో అంటే, మా బోరే వేసవిలో దగ్గుతూ నీళ్ళిస్తుంది. మా ఆయన మాత్రం ఈ సంబరమంతా చూస్తూ రోజుకొక సిద్ధాంతం చెప్పేవాడు. రోజూ పొద్దున్నే నేను చప్టా కడిగి, పైపు పెట్టి, కాఫీ తాగి, సుద్దముక్క తీసుకుని కిందికి దిగేదాన్ని.

ఆ ఎండల్లోనే ఒకరోజు అక్కకు ఫోను చేస్తే మాటకూ మాటకూ మధ్య ఈల వినిపించింది. పలమనేరు మీదుగా బస్సు పట్టుకుని కుప్పం వెళ్ళాను. ఆ మేడమెట్లు నాకే ఆయాసం తెప్పించాయి. అక్క కిటికీ పక్కన మంచం మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని ఉంది. చేతిలో మందు పీల్చుకునే గొట్టం. భుజాలు ఊపిరితోబాటు పైకి లేస్తున్నాయి. అయినా ముందు నా చెయ్యి పట్టుకుని, "బస్సులో సీటు దొరికిందా?" అని అడిగింది. రాగిసంకటి, చింతాకు పప్పు వండి పెట్టి ఉంది. తిన్నాక, చేతులు కడుక్కుని, ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట చెప్పాను. కింది గది బాగుచేయిస్తున్నాననీ, ఆమె కోసమేననీ.

"ఆ గుంతలోకా?" అంది అక్క. "ఆడికి నేను మళ్ళా రాను పాపా. నా ఊపిరి యాడ పోయిందనుకుంటాండావు? ఆడనే పోయింది."

పెళ్ళికి ముందే, ఆ గదిలో ఉన్నప్పుడే ఆమెకు దగ్గు మొదలైందని నాకు తెలియదు. పడిశం అనుకుని అమ్మ మిరియాల కషాయం ఇచ్చేదట, ఆ వాసన పురుగులకు పడదని దాన్ని కూడా పైకి వచ్చి తాగిపోవాలట. నేను గడప దగ్గర కూర్చుని చల్లగాలి పీల్చుకున్న సాయంత్రాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చి సిగ్గుతో తల వంచుకున్నాను. ఇంకేం మాట్లాడాలో తెలియక గోడ సంగతి చెప్పుకొచ్చాను. సిమెంటు, ఖాదర్ సాబు, ప్లాస్టిక్ కాగితం, ఇసుక, పక్కింటి సంపులో రంగు. చెబుతున్నకొద్దీ అక్క మొహంలో ఏదో కదిలింది.

"ఇసక తడిగా ఉండాదా?"

"పిండితే నీళ్ళు కారుతున్నాయి."

"పైన చప్టా కాడ గుండ్రాయి తీసి అమ్మ నీళ్ళు పోస్తా ఉండ్లా? ఇప్పుడెవరన్నా పోస్తాండారా?"

"నేనే పోస్తున్నాను. రోజూ."

"యాల?"

"అమ్మ పోసేది కదా" అన్నాను. అంటుంటేనే నా గొంతు నాకే వింతగా వినిపించింది.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి, దగ్గి, మందు పీల్చుకుని మళ్ళీ నవ్వింది. "ఓసి నీ సదువు తగలెయ్య! ఇన్నేండ్లు పిల్లోళ్ళకి ఏం సైన్సు సెప్పినావే? జేజినాయన పెట్టిచ్చిన కంత అది. గోడ ఎనకాల ఇసక్కి నీళ్ళు. మన సీమలో గాలి పొడిగాలి. నెమ్ము లేకపోతే ఆకు వాడిపోతాది, పురుగు ఎండిపోతాది. అందుకని గోడని తడుపుతాండ్రి."

"నీకెవరు చెప్పారు?"

"ఎవురు సెప్పాల? నేను కిందనే పడుకుంటాన్నే. కిటికీకి గోనె, తలుపు ఏసుంటాది, తెల్లారిందో లేదో ఏమి తెలుస్తాది? గోడ ఎనకాల నీళ్ళు దిగే సప్పుడు ఇనబడితే అమ్మ లేసిందని, తెల్లారిందని తెలిసేది. అప్పుడు లేసి ఆకేస్తాంటి."

పైన పోసేవాళ్ళకు తెలియలేదు, కింద ఉన్నదానికి తెలుసు. నేను ఏడ్చాను. నవ్వే ఏడుపు కాదు, మామూలు ఏడుపే. పురుగు ఎండిపోతుందని జేజినాయన గోడ వెనక ఇసుక పోయించాడు, అమ్మ బతికినంతకాలం నీళ్ళు పోసింది, ఒక్కరికీ ఆ చెమ్మలో పడుకున్న పిల్లకు ఎలా ఉందో అడగాలని తోచలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నాయన రావచ్చునా అని అడిగి లోపలికి వచ్చినవాడు. నాకు చదువు చెప్పించినవాళ్ళు. ఆ చదువుతో నేను చేసిందేమిటంటే, పురుగులు పోయిన ఇన్నేళ్ళ తర్వాత కూడా, అమ్మకంటే పదిరెట్లు నీళ్ళు మోటారు పెట్టి మరీ పోయడం.

బయల్దేరేటప్పుడు అక్క మెట్లదాకా వచ్చింది. "నీళ్ళు ఆపి సూడు. ఎండుతాది" అంది. వస్తాననలేదు. రాననీ అనలేదు. నేను రెండు మెట్లు దిగాక పైనుంచి, "ఆ కిటికీ ఉండాదే, పిడికెడు కిటికీ. దానికి ఎండ రాదు" అంది.

నీళ్ళు ఆపేశాను. మొదటివారం చేతులు ఊరుకోలేదు, చప్టా కడగగానే గుండ్రాయి వైపు పోయేవి. సుద్దగీతలు మొదటిసారి కిందికి దిగడం మొదలైంది. భుజం ఎత్తునుంచి నడుముకు, నడుమునుంచి మోకాలికి. ఫోను చేసి కారణం చెప్పినప్పుడు ఖాదర్ సాబు నవ్వు ఆపుకుంటున్న గొంతుతో "ఆ కంత నేను చూడకపోవడం గూడా తప్పే లెండి" అన్నాడు. ఆయన మర్యాద అది. వచ్చి గోడ వెనక ఇసుకంతా పైనుంచి తోడించాడు. ఆ ఖాళీలో గులకరాయి నింపి, వాననీళ్ళు నిలవకుండా అడుగునుంచి వెనక సందులోకి గొట్టం పెట్టాడు. చప్టా కంతను సున్నంతో, ఇటుకముక్కలతో బిగించేశాడు. సున్నం పది రోజులు నానబెట్టి, బెల్లం నీళ్ళు కలిపి, పల్చగా ఒకదాని మీద ఒకటి పూశాడు. సందువైపు గోడ కోసి మనిషి నిలువెత్తు కిటికీ పెట్టమన్నాను. గోడ బలం తగ్గుతుందని గొణిగాడు, పైన రాతిదూలం వేసి పెట్టాడు. టైల్సు తీయించి కడప బండలు పరిపించాను. వానలు వచ్చాయి. ఆ ఏడు వారం రోజులు ముసురు పట్టి, సందులో నీళ్ళు పారుతుంటే నేను గొడుగు వేసుకుని గొట్టం దగ్గర నిలబడి నీళ్ళు బయటికి రావడం చూశాను. లోపల ప్లాస్టిక్ కాగితం అంటించి రెండు రోజులు ఆగాను. రెండు వైపులా పొడి. ఇంతకుముందు ఏ పరీక్ష ఫలితం వచ్చిన రోజునా నేను అంత సంతోషపడలేదు.

ఇప్పుడు పట్టు పెంచేవాళ్ళ షెడ్లకు వెళితే గోడమీద తేమ కొలిచే మీటరు ఉంటుంది, మంచులాగ నీళ్ళు చల్లే యంత్రం ఉంటుంది. చిన్నపురుగుల్ని పెంచి ఇచ్చే కేంద్రాలున్నాయి, ఇంట్లో ఎవరూ వాటితో పడుకోనక్కర్లేదు. పనిచేసే ఆడవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకుంటారు. ఆ రోజులు ఎంత బాగుండేవో అని నేను ఎన్నో సభల్లో చెప్పాను, పిల్లలకు ఆ చల్లగది కథ చెప్పాను. కథలో నేను ఎప్పుడూ గడప దగ్గరే ఉన్నానన్న సంగతి మాత్రం చెప్పలేదు. నాకే తట్టలేదు.

అక్కకు నేను రమ్మని చెప్పలేదు. గోడ ఎండిందని మాత్రం చెప్పాను. కార్తీకం ఎండలో ఒక మధ్యాహ్నం, ముందుగా మాటైనా చెప్పకుండా, వెనక సందులోకి ఆటో వచ్చింది. నేను ఇరుకు మెట్లు దిగి తలుపు తీసేసరికి అక్క గడప బయట నిలబడి ఉంది. పాదం లోపల పెట్టేముందు కొంచెంసేపు ఆగింది. తర్వాత వచ్చి, ఉత్తరం గోడకు అరచెయ్యి ఆనించి, ఆ చివరనుంచి ఈ చివరదాకా నడిచింది. నేను ఆమె భుజాలనే చూస్తున్నాను. అవి పైకి లేవలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది, ఎండ ఆమె ఒళ్ళో పడింది.

"వాసన ల్యాదు" అంది.

నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను. "అక్కా, నిన్ను బడి మానిపించినప్పుడు నేనేమీ అనలేదు."

"నువ్వు తొమ్మిదేండ్ల పిల్లవి. ఏమంటావు?"

"పెద్దయ్యాక కూడా అనలేదు."

అక్క కిటికీలోంచి సందును చూసింది. ఎవరో టమోటా బుట్ట నెత్తిమీద పెట్టుకుని పోతున్నారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, నా వైపు తిరిగింది.

"ఒక మాట అడుగుతా. దాసకుండా సెప్పు. ఇదంతా నాకోసం సేపిచ్చినావా, నీ మనసు కోసమా?"

ఆమె కోసమేనని అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆ కళ్ళలోకి చూస్తూ అనలేకపోయాను. "రెండిటికీ అక్కా. ఏది ఎంతో నాకే తెలీదు" అన్నాను.

అక్క తల ఊపింది. "నాకోసమే అనుంటే ఈపొద్దు బస్సుకే ఎలబారిపోదును" అంది. తర్వాత గడపవైపు చెయ్యి చూపింది. ఆటో ఇంకా వెళ్ళలేదని, అప్పటినుంచీ సందులోనే ఆగి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

"ఆటోవాన్ని ఇంగ పొమ్మను. నా సంచి ఉండాది దాంట్లో, దించుకోని రా పాపా."